తాడు చివర చెయ్యి

అండమాన్‌లో మేం దిగిన హోటల్లో, భోజనాల గది గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. అసలైన ద్వీపవాసుల వంట, తరతరాల రుచి అని దాని అర్థం. ఆ బోర్డు కింద కూర్చోబెట్టి నాకు పెట్టిన తిండి ఏమిటో చెబుతాను. తెల్లటి పళ్ళెంలో అరచేయంత చేప ముక్క. తల లేదు, తోక లేదు, ముల్లు లేదు, ఆఖరికి తోలు కూడా లేదు. అది ఏ చేపో పోల్చుకోవడానికి ఒక్క గుర్తు మిగల్చలేదు. దాని మీద పచ్చటి కొబ్బరిపాలు, ఆ పాల మీద ఎవరూ తినని ఒక ఎర్ర పువ్వు. పక్కన అరిటాకులా కత్తిరించిన ఆకుపచ్చ కాగితం. అన్నాన్ని కప్పులో అదిమి, పిల్లలు తడి ఇసకతో ఆడుకున్నట్టు బోర్లించి నిలబెట్టారు. నేను గోపాలపూర్ చేపలపేటలో పుట్టినదాన్ని. ఒడియావాళ్ళు మమ్మల్ని నోళియాలంటారు. నడక రాకముందే చేపల మధ్య పాకినదాన్ని. అలాంటి నాకు అరవై తొమ్మిదేళ్ళ వయసులో ముల్లు ఏరిన చేప పెట్టి, ఇదే అసలైనదని ఇంగ్లీషులో వివరించారు.

ఈ ప్రయాణం నేను కోరింది కాదు. మా అబ్బాయి రఘు భువనేశ్వర్‌లో బ్యాంకు ఉద్యోగి. కోడలు సస్మిత కటక్ పిల్ల, కాలేజీలో పాఠాలు చెబుతుంది. మా ఇంట్లోకి వచ్చాక తెలుగు నేర్చుకుంది. ఇద్దరూ మంచివాళ్ళు. ఆ మాట నా గురించి ఎవరూ అనరు, నేనూ ఆశించను. "ఏ ఊరెళ్తే ఆ ఊరి తిండి తినాలమ్మా, లేకపోతే వెళ్ళడం దేనికి" అంటాడు రఘు. ఈ మాటలు చెప్పే పెద్దమనిషి బరంపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఎండు నెత్తళ్ళు వేయిస్తే, వాసన పోవాలని కిటికీలన్నీ తెరుస్తాడు. వాళ్ళ ఫ్లాటులో నేను వేయిస్తే, పక్కవాళ్ళకి వాసన వెళ్ళకూడదని కిటికీలన్నీ మూస్తాడు. వాడు తెరిచీ మూసీ అలిసిపోయేలోగా నా నెత్తళ్ళు మాడిపోతాయి. సొంత ఇంట్లో ముక్కు మూసుకునేవాడు సముద్రం దాటి వచ్చి, వాసనే లేని చేపని ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసుకుని, అద్భుతం అంటున్నాడు. నేను ఒక ముద్ద తిని పళ్ళెం పక్కకి జరిపాను.

వండినవాణ్ణి పిలవమన్నాను. రఘు గొణిగాడు, సస్మిత నవ్వు ఆపుకుంది. కాసేపటికి మూరెడు తెల్ల టోపీ పెట్టుకుని నలభై ఏళ్ళ మనిషి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇది ఏం చేప బాబూ అని హిందీలో అడిగాను. వాడూ హిందీలోనే జవాబు చెప్పాడు గానీ, ఆ హిందీ కింద నుంచి మా వైపు యాస తన్నుకొస్తోంది. నేను తెలుగులోకి దిగి, ఏ ఊరు నాయనా మీది అన్నాను. వాడు టోపీ తీసేశాడు.

"దిగపహండి దగ్గరండి. మీరేటి, మన బరంపురమోలా?"

"గోపాలపూర్. ద్వీపవాసుల వంట చేసేది నువ్వేనా?"

"నానేనండి. దండపాణి నా పేరు. ఏటి సెప్పమంతారు, మా నాయిన ఎవసాయం సేసేవోడు. సముద్రం ఇక్కడికొచ్చినాకే సూసినాను. ఈలు ఒక కాయితం ఇచ్చి ఇలాగ వండమన్నారు. వండతన్నాను."

తరతరాల రుచి అంటే అదీ సంగతి. దిగపహండి వరిచేలల్లో పుట్టినవాడు కాగితం చూసి వండుతాడు, భువనేశ్వర్ బ్యాంకువాడు ఫోను చూసి తింటాడు. వాళ్ళిద్దరి మధ్యా ద్వీపం ఎక్కడుందో నాకు కనిపించలేదు. మీరేం తింటారు అని దండపాణిని అడిగాను. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మాకేటండి. ఎనకాల సద్దన్నం, ఉప్పుసేప పులుసు. గెస్టులకి పెట్టకూడదు." నేను లేచి వెనక్కి నడిచాను. ఆపగలిగినవాళ్ళెవరూ అక్కడ లేరు.

వంటగది వెనక పీట మీద కూర్చుని తిన్నాను. ఉప్పుచేప మంచిదే. పులుసులో మాత్రం వాడు బంగాళాదుంపలు వేశాడు. ఒడియా ఇళ్ళలో వేస్తారు, దిగపహండిలో వాడికి అలవాటయింది. ఎండుచేప పులుసులో దుంప వేస్తే అది ఉప్పంతా తాగేసి కూర్చుంటుందని, వంకాయ వేయాలని, చింతపండు పాతది కావాలని, ఎండుచేపని ముందు మట్టిమూకుడులో వేడి చేసి, ఇసక రాల్చి, మూడు నీళ్ళు మార్చి కడగాలని వాడికి చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నోరు తెరిస్తే మూయడం చేతకాదు. వాడు ఓపిగ్గా విని, "ఎవలు నేర్పినారండి మీకు?" అన్నాడు. మా అమ్మమ్మ అన్నాను. ఆ మాట తర్వాత నాకు పాఠం సాగలేదు. ఈలోగా రఘు అక్కడికీ వచ్చి, చద్దన్నం గిన్నెనీ దండపాణినీ నన్నూ కలిపి ఫొటో తీసి, ఇలాంటి చోటు ఎవరికీ తెలియదమ్మా అని సంబరపడ్డాడు. ఇంట్లో ఉన్నంతకాలం ఇదే తిండిని వాడు కిటికీలోంచి బయటికి తోలాడు.

మా అమ్మమ్మ పేరు నూకమ్మ. తాత పోయాక, మగపిల్లలు లేని మనిషి కాబట్టి, కూతురి ఇంటికి వచ్చింది. అంటే మా ఇంటికి. మా అమ్మకి తల్లి ఇల్లు చేరడం ఊరట. మా నాన్న ఏడాదిలో సగం పారాదీప్ పోయి అక్కడి పడవల మీద పనిచేసేవాడు, ఉన్న సగం కూడా అత్తగారిని ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అయినా అల్లుడి ఇంట్లో కూర్చుని తినడం మా పేటలో ఏ ఆడమనిషికైనా గొంతులో దిగని ముద్దే. అమ్మమ్మ దానికి తన దారి తాను చూసుకుంది. అన్నం అల్లుడిది, కూర నాది అనేది. ఆ కూర కోసం రోజూ పొద్దున్నే ఒడ్డుకి పోయేది. ఎవరైనా పలకరిస్తే, "నా కూర నాను తెచ్చుకుంతన్నాను, నాకేటి లోటు" అని నవ్వేది. నోట్లో చుట్ట నిప్పు వైపు లోపలికి పెట్టుకుని ఆవిడ నవ్వడం, మాట్లాడటం, మధ్యలో మమ్మల్ని తిట్టడం కూడా చూసి, బరంపురం నుంచి వచ్చిన చుట్టాలు నోరెళ్ళబెట్టేవాళ్ళు.

మా ఇంట్లో తెల్లవారడం ఒక పద్ధతి ప్రకారం జరిగేది. అమ్మ లేచి, నిన్నటి చేపల తట్టని ఇసకతో రుద్ది, తల మీదికి చుట్టగుడ్డ చుట్టుకుని, ఒడ్డున చేపలు కొని మొదటి బస్సుకి బరంపురం పోయేది. పెద్దబజారు వీధుల్లో తిరిగి అమ్మి మధ్యాహ్నం దాటాక వచ్చేది. బస్సులో కండక్టరు చేపల ఆడవాళ్ళని వెనక సీట్లోనే కూర్చోమనేవాడు. ఇప్పుడు అదే గోపాలపూర్ ఒడ్డున పెద్ద హోటళ్ళలో, అమ్మ అమ్మిన చేపల్నే ఎర్రపొడి పూసి కాల్చి, జాలరి స్పెషల్ అని పేరు పెట్టి, బరంపురం డాక్టర్లకీ కాంట్రాక్టర్లకీ వడ్డిస్తున్నారు. కండక్టరు మనవడు కూడా అక్కడ తింటూనే ఉంటాడు. పొద్దున్నే అమ్మ బస్సెక్కాక ఇల్లూ నేనూ అమ్మమ్మవే. రాగిపిండితో చోడంబలి కాచి, నాకు జడ వేసి, నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకి దిగేది. బడికి అటు నుంచి అటే.

పెద్దవల సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పడవ వలని సముద్రంలో చాలా దూరం అర్ధచంద్రాకారంలో వేసి వస్తుంది. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి చేరతాయి. ఒక్కో తాడుకి ఇరవై ముప్పై మంది వరసగా నిలబడి, కేకకి కేక కలుపుతూ వెనక్కి నడుస్తూ లాగుతారు. అంతా అయ్యేసరికి ఎండ ముదురుతుంది. వల సంచి ఒడ్డెక్కాక వంజరాలు, చందువలు వ్యాపారుల తట్టల్లోకి పోతాయి. మిగిలిన చిన్నచేపలో కవళ్ళు, నెత్తళ్ళు, పేరులేని చెత్తచేప ఉంటాయి. అందులోంచి తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ కూరకి ఇస్తారు. గట్టిగా లాగినవాళ్ళకి జీతం వేరే ఉంటుంది, ఈ కూర మాత్రం అందరికీ ఒకటే. ఇక్కడే ఉంది మా పేట మర్యాద. తాడు తోక దగ్గర, లాగి చుట్టలు చుట్టే చోట, నలుగురైదుగురు ముసలాళ్ళు నిలబడేవాళ్ళు. తాడు మీద చెయ్యి వేసి, దానితోపాటు నడిచేవాళ్ళు. అంతే. వాళ్ళు లాగడం లేదని సముద్రానికి తెలుసు, తాడుకి తెలుసు, పేటలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు. వల ఆసామి ఎర్రయ్య మావ చేపలు పంచేటప్పుడు ముసలాళ్ళ మొహం చూసేవాడు కాదు. వేరే ఎవరితోనో మాట్లాడుతూ, చూడకుండా రెండు దోసిళ్ళు గిన్నెలో పోసేవాడు. దానం పుచ్చుకున్నట్టు వాళ్ళకి అనిపించకూడదు కదా. ఏ ధర్మశాస్త్రం రాసినవాడికీ ఇంత తెలివి ఉంటుందని నేను అనుకోను.

అమ్మమ్మ గిన్నెతో ఇంటికొచ్చి చేపలు బూడిదతో తోమేది. చిన్నచేప తోమడం ఓపిక పని. గోటితో పొలుసు తీసి, పొట్ట నొక్కి, తల తుంచకుండా శుభ్రం చేయాలి. జీలకర్ర, వెల్లుల్లి, నాలుగు పచ్చిమిరపకాయలు రాతి మీద నూరి, దాకలో ఉల్లిపాయ వేగాక చింతపండు రసం పోసి మరగనిచ్చేది. చేప ఆఖర్న వేసేది. వేశాక గరిటె పెట్టనిచ్చేది కాదు, దాకని రెండు చేతులా పట్టుకుని కుదిపేది. సాయంత్రం అమ్మ వచ్చాక కొంచెం, మర్నాడు పొద్దున చద్దన్నంలోకి మిగిలినది. నాన్న ఇంట్లో ఉంటే ముందు ఆయనకి వడ్డించేది. ఆయన ఒక ముద్ద తిని తల ఊపేవాడు. ఆ తల ఊపు చూశాకే తను కంచం ముందు కూర్చునేది. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. వీపు నిటారుగా, కాలు మీద కాలు వేసుకుని, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేది.

ఇక నా గురించి చెప్పాలి. నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఒడియా బడిలో క్లాసులో మొదటిదాన్ని. మా మాస్టారు ఒకాయన ఉండేవారు, ఉతికిన పంచె, నూనె రాసిన జుట్టు, మా పేట పిల్లల్ని చూస్తే ముక్కుకి కండువా అడ్డుపెట్టుకునే అలవాటు. ఆయన క్లాసులో నన్ను లేపి, నోళియా పిల్లల్లో నిజం చెప్పేది ఇదొక్కతే అన్నారు. పేటనంతా తిట్టి నన్ను పొగిడారు. ఆ పొగడ్తలో తిట్టు నాకు వినపడలేదు, పొగడ్తే వినపడింది. ఆ రోజు నుంచి నిజం చెప్పడం నాకొక రోగంలా పట్టుకుంది. పక్కింటివాళ్ళు ఉప్పు అప్పు అడిగితే లేదని అమ్మ అంటే, ఉంది కదా అనేదాన్ని. అంత దరిద్రపు పిల్లని నేను మళ్ళీ చూడలేదు, ముప్పై ఏళ్ళు పిల్లల మధ్యే బతికినా.

ఒకరోజు వల దండగైంది. సంచిలో జెల్లీచేపలు, నాచు, రెండు తట్టల కవళ్ళు. వ్యాపారులు మొహం తిప్పుకుని పోయారు. కూరకి పంచడం మొదలైంది. ఎర్రయ్య మావ ఎవరితోనో మాట్లాడుతూ అమ్మమ్మ గిన్నెలో ఎప్పట్లాగే రెండు దోసిళ్ళు పోశాడు. ఆ పక్కన దానయ్య అని కొత్తగా పెళ్ళైన కుర్రాడు, వాడికి వచ్చింది తక్కువని కోపంగా ఉన్నాడు. ఎవరివైపూ చూడకుండా, "ఎవలు లాగినారో, ఎవలు నేదో" అన్నాడు. అంతవరకే అన్నాడు. పేరు పెట్టలేదు. పెద్దవాళ్ళు వినీ విననట్టు ఊరుకున్నారు. ఆ మాట అక్కడే ఇసకలో ఇంకిపోయేది.

నేను ముందుకొచ్చాను. "మా అమ్మమ్మ లాగనేదు" అన్నాను. "ఉత్తినే పట్టుకున్నాది. నాను సూసినాను."

ఎర్రయ్య మావ నవ్వి సర్దబోయాడు. "గుంటకేటి తెల్సు. నూకమ్మత్త లాగబట్టే ఈపాటి సేపైనా పడ్డాది."

"నాకు తెల్సు మావా. రోజూ అంతే. రోజూ ఉత్తినే పట్టుకుంతది."

బడిలో మాస్టారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, స్పష్టంగా, అందరికీ వినపడేలా చెప్పాను. పొగుడుతారనుకున్నాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, పొగుడుతారనే అనుకున్నాను.

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. తిట్టలేదు. గిన్నె వంచి కవళ్ళన్నీ మళ్ళీ రాశిలో పోసింది. గిన్నె అడుగున అంటుకున్న ఒక చేపని వేలితో తీసి, అది కూడా వేసింది. ఎర్రయ్య మావ "అత్తా, ఇదేటి పని, ఆగు" అంటున్నా వినకుండా, నా చెయ్యి పట్టుకుని బడి దాకా దిగబెట్టి వెళ్ళింది. నేను బడిలో ఆ రోజు ఎక్కాలు అప్పజెప్పాను, తప్పు లేకుండా.

మర్నాడు ఒడ్డుకి దిగాక ఆవిడ తాడు తోక దగ్గరికి వెళ్ళలేదు. నీళ్ళ దగ్గర, మగవాళ్ళ మధ్య నిలబడింది. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది, చీర పైకి దోపింది, తాడు రెండు చేతులా పట్టుకుని లాగింది. నిజంగా లాగింది. డెబ్బై దాటిన మనిషి. ఎర్రయ్య మావ వెనక్కి రమ్మని బతిమాలితే, "నువ్వు నీ పని సూసుకో, నాను నా పని సూసుకుంతన్నాను" అంది. దానయ్య తల ఎత్తలేదు. ఆ రోజు ఆవిడ గిన్నెలో చేపలు పోసేటప్పుడు ఎర్రయ్య మావ మొదటిసారి ఆవిడ మొహం చూశాడు. చూడక తప్పలేదు, ఆవిడే చూడమన్నట్టు ఎదురుగా నిలబడింది.

సాయంత్రం పులుసు అదే పులుసు. జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు అన్నీ సమంగానే పడ్డాయి. దాక కుదపడానికి మాత్రం అమ్మని పిలిచింది. నా కంచంలో మొదట వడ్డించి, "తిను. ఇది లాగిన సేపే" అంది. కోపంగా అనలేదు, ఒక వివరం చెప్పినట్టు అంది. నేను తిన్నాను. ఇంకా కావాలన్నాను, వేసింది. తను తినబోయి, అన్నంలో పులుసు కలపగానే చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచేతులు తాడుకి ఒరుసుకుపోయి చర్మం లేచిపోయింది, పులుపూ కారమూ తగిలి మంట. గరిటె తెమ్మని నన్నే పంపింది. మా ఇంట్లో గరిటెతో అన్నం తిన్న మనిషిని నేను మొదటిసారి చూశాను. తినడం మానకుండా, నెమ్మదిగా మొత్తం తింది.

అలా ఒక ఏడాది దాటి లాగింది. అరచేతులు కాయలు కాశాయి, వీపు వంగింది, భోజనం దగ్గర నిటారుగా కూర్చోవడం పోయింది. అమ్మకి విషయం పేటలో ఎవరో చెప్పారు. అమ్మ నన్ను చింతబరికెతో బాదింది, అమ్మమ్మే వచ్చి అడ్డుపడింది. "అబద్దమాడినాదేటి? నేదు గదా. ఒదిలీ" అంది. దెబ్బలు నాకు గుర్తులేవు, ఆ మాట గుర్తుంది. తర్వాతి వానల్లో అల తాడుని గుంజేసరికి మోకాళ్ళ మీద పడింది. ఎర్రయ్య మావ ఇద్దరి చేత మోయించి ఇంటికి తెచ్చి, రేపటి నుంచి రావద్దని చేతులు పట్టుకుని చెప్పాడు. మర్నాడు కూరకి చేపలు ఇంటికి పంపాడు. అమ్మమ్మ వాటిని తిప్పి పంపించేసింది. ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళూ అంబలి, ఉల్లిపాయ, ఉప్పు. అమ్మ చేపముక్క కంచంలో వేస్తే పక్కకి తీసి నా కంచంలో వేసేది. నాన్న బతిమాలాడు, ఏడ్చాడు కూడా. అల్లుడు పెట్టిన అన్నం చాలంది. ఆవిడ తీసి నాకు వేసిన ముక్కలన్నీ నేను తిన్నాను.

ఇవన్నీ దండపాణికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయన ఉన్నప్పుడు ఆయనకీ చెప్పలేదు. దండపాణి మాత్రం గిన్నె తీస్తూ, "రేపు ఒడ్డుకి ఎల్లండి. మనోలు పెద్దవల లాగతారు. గోపాలపూరోలు, సోంపేటోలు, ఎప్పుడో ఒలసొచ్చినోలు" అన్నాడు. పెద్దవల అనే మాట విని చాలా ఏళ్ళయింది. గోపాలపూర్‌లో ఇప్పుడు అది లాగేవాళ్ళు తక్కువ. లాగినా రోజుకూలి లెక్క, కూలీల పేర్లు కాగితం మీద ఉంటాయి. కాగితం మీద పేరు లేని ముసలి చెయ్యి తాడు ముట్టుకుంటే పక్కకి జరగమంటారు. అందరూ చదువుకున్నారు, అందరూ నిజమే చెబుతున్నారు. మా మాస్టారు ఉంటే మురిసిపోయేవారు.

పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం. హోటల్ నుంచి ఇంకో పదిమంది కూడా వచ్చారు, నీలం అద్దాలు, పూల చొక్కాలు. జాలరి జీవితం చూపిస్తామని హోటల్‌వాళ్ళు తీసుకొచ్చారట. వాళ్ళు తాడు పట్టుకుని, లాగుతున్నట్టు పళ్ళు బిగించి, ఫొటోలు తీయించుకుని, చేతులు తుడుచుకుని వెళ్ళి కొబ్బరినీళ్ళు తాగారు. రఘు, సస్మిత కూడా పట్టుకున్నారు. నేను దూరంగా తెప్ప మీద కూర్చుని తాడు తోక వైపు చూశాను. ఒక ముసలమ్మ ఉంది. నల్లగా, పొట్టిగా, చీర మోకాలి దాకా దోపి ఉంది. తాడు మీద చెయ్యి వేసి, దానితోపాటు నడుస్తోంది. అంతే.

రఘు నా పక్కకి వచ్చి కూర్చుని, సస్మితతో తెలుగులో, మామూలు గొంతుతో అన్నాడు. "ఆ అవ్వని చూడు, అసలు లాగట్లేదు. ఊరికే పట్టుకుంది, భలే ఉంది."

అక్కడున్న లాగేవాళ్ళంతా తెలుగువాళ్ళు. వాడి నోరు మూయబోయాను. కానీ ఎవరూ ఆగలేదు. ముసలమ్మ ఒకసారి తల తిప్పి మావాణ్ణి చూసి, మళ్ళీ తాడు వైపు తిరిగింది. ఆవిడకి వాడు ఎవరు? పూల చొక్కా వాడు. బయటివాడు ఏమన్నా అది వట్టి మాటే. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నేళ్ళకి. దానయ్య మాటకి అమ్మమ్మ గిన్నె వంచలేదు. తను జడ వేసి, అంబలి పోసి, చెయ్యి పట్టుకుని తెచ్చిన పిల్ల సాక్ష్యం చెబితే వంచింది.

సంచి ఒడ్డెక్కింది, చేప పంచారు. ముసలమ్మ గిన్నె నిండింది. నేను దగ్గరికి వెళ్ళి, ఏ ఊరమ్మా అని అడిగాను. మా పేట కాదు, పక్క పేట. నేను ఎవరి పిల్లనో చెప్పలేదు. ఆవిడ రఘు వైపు చూపించి, "మీ వోడా? తాడు పట్టుకున్నాడు గదా, కూరకి తీస్కెల్లండి" అని తన గిన్నెలోంచి ఒక గుప్పెడు నెత్తళ్ళు ఇవ్వబోయింది. రఘు సిగ్గుపడి వెనక్కి తగ్గాడు. "వద్దండి, మేం ఊరికే పట్టుకున్నాం, లాగలేదు" అన్నాడు. నిజం చెప్పే బుద్ధి వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ముసలమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "ఎవలు లాగినారు బాబూ? నాలాటోలు అందరూ ఉత్తినే పట్టుకున్నోలే. తీస్కో."

నేను కొంగు పట్టాను. ఆవిడ నెత్తళ్ళు అందులో పోసింది. దండపాణి మధ్యాహ్నం వాటిని పులుసు పెట్టాడు, దుంపలు వేయకుండా, నేను చెప్పినట్టే. రఘు తిని, అమ్మా ఇదీ అసలైన రుచి అన్నాడు. ఈసారి వాణ్ణి వెక్కిరించడానికి నోరు రాలేదు. ముసలమ్మ అన్నది నిజం, ఏ ఒడ్డున చూసినా ముసలాళ్ళంతా ఉత్తినే పట్టుకుని, తమ కూర తాము తెచ్చుకుని, నిటారుగా కూర్చుని తిని పోయారు. మా అమ్మమ్మ ఒక్కతే లాగింది. నేను లాగించాను.